ఎంసీయూ (ఒకదానికొకటి ముడిపడ్డ మార్వెల్ సినిమాలు) కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి విడుదల వరుసా, కథాకాలం వరుసా? (లోపల స్పాయిలర్లున్నాయి)

బీచ్‌రోడ్ బండి
మా అక్క పిల్లలిద్దరు, 13 ఏళ్లొకడు, 16 ఏళ్లొకడు, మార్వెల్ సినిమాలు మొదట్నుంచి చూస్తామని పట్టుబట్టారు. ఇంతవరకు ఒక్కటీ చూళ్లేదు. 'అవెంజర్స్: డూమ్స్‌డే' 2026 డిసెంబర్ 18న అని ప్రకటించారు కాబట్టి ఆలోగా పూర్తి చెయ్యాలట. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి అనుకున్నాం. నెట్‌లో చూస్తే కథ జరిగిన కాలాన్ని బట్టి పేర్చిన జాబితా ఒకటి తిరుగుతోంది: ముందు 'ఫస్ట్ అవెంజర్', తర్వాత 'కెప్టెన్ మార్వెల్', ఆ తర్వాతే 'ఐరన్ మ్యాన్'. దాన్ని పట్టుకోమంటారా, విడుదలైన వరుసలోనే పోనివ్వమంటారా? సిరీస్‌లు కూడా కలపాలా?

కంచరపాలెం కామిక్
విడుదల వరుస. మారుమాట లేదు.

కారణం ఒక్కటే. ఈ సినిమాల్లో సగం కథ ఎండ్ టైటిల్స్ మధ్యలో ఉంటుంది, ఆ ముక్కలన్నీ విడుదల క్రమాన్ని బట్టే రాసుకున్నారు. 'కెప్టెన్ మార్వెల్' 1995లో జరుగుతుందని రెండోదిగా పెట్టారనుకోండి. టైటిల్స్ మధ్యలో సీన్ వస్తుంది: అవెంజర్స్ ఆఫీసు, బల్ల మీద పేజర్, తెర మీద చనిపోయినవాళ్ల లెక్కలు, కరోల్ (అంటే కెప్టెన్ మార్వెల్) వచ్చి 'ఫ్యూరీ ఎక్కడ?' అంటుంది. అది 'ఇన్ఫినిటీ వార్' తర్వాత జరిగే సీను. రెండో సినిమాకే పిల్లలకి 19వ సినిమా క్లైమాక్స్ చెప్పేసినట్టు. పైగా ఆ గదిలో ఉన్నవాళ్లెవరో కూడా తెలియదు.

ఇంకోటి, అవెంజర్స్‌ని కూడగట్టిన ఆ ఫ్యూరీ కన్ను. 'వింటర్ సోల్జర్'లో 'చివరిసారి ఒకణ్ణి నమ్మినప్పుడే కన్ను పోగొట్టుకున్నా' అని గంభీరంగా అంటాడు. అయిదేళ్ల తర్వాత 'కెప్టెన్ మార్వెల్'లో చూస్తే దాన్ని పీకింది పిల్లిలాంటి జంతువు. ముందు బిల్డప్, తర్వాత తుస్సు, అప్పుడే నవ్వొస్తుంది. తిరగేస్తే ముందు పిల్లి, తర్వాత డైలాగు. ఏం మిగిలింది అందులో?

సీతమ్మధార 616
కామిక్ గారూ, ఒక్క సినిమాని అడ్డం పెట్టుకుని మొత్తం పద్ధతినే కొట్టిపారేస్తే ఎలాగండీ. కథాకాలం వరుసలో 'ఫస్ట్ అవెంజర్' హీరో స్టీవ్ రోజర్స్ (కెప్టెన్ అమెరికా) కథ చక్కగా నిలబడుతుంది. 1940ల్లో యుద్ధం, మంచులో నిద్ర, లేచేసరికి న్యూయార్క్. హోవార్డ్ స్టార్క్‌ని ముందే చూసినవాడికి, అతని కొడుకు టోనీ (ఐరన్ మ్యాన్) తండ్రి గురించి మాట్లాడినప్పుడల్లా బరువు తెలుస్తుంది. టెసరాక్ట్ అనే ఆ శక్తి పెట్టె ఏంటో 'అవెంజర్స్'లో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

'సివిల్ వార్' తర్వాత వెంటనే 'బ్లాక్ పాంథర్' చూడండి. ఇందులో తండ్రి పోతాడు, అందులో వారం తిరక్కుండానే కొడుకు సింహాసనం ఎక్కుతాడు. విడుదల వరుసలో ఈ రెంటి మధ్యన నాలుగు సినిమాలు దూరతాయి. 'గార్డియన్స్' రెండో భాగం మొదటిదాని తర్వాత కొన్ని నెలలకే, 2014లోనే జరుగుతుంది. దాన్ని 2017 దాకా ఎందుకు ఆపుకోవాలి?

ఇక 'బ్లాక్ విడో'. 'సివిల్ వార్' అవ్వగానే నటాషా పారిపోతూ ఉంటుంది, కథ అక్కడ మొదలు. సినిమా వచ్చింది 2021లో. అప్పటికి ఎండ్‌గేమ్‌లో ఆవిడ చనిపోయింది. పోయిన మనిషికి ప్రాణగండం అని చూపిస్తే ఎవడికి భయమేస్తుంది?

కంచరపాలెం కామిక్
'బ్లాక్ విడో' దగ్గర మీతో ఏకీభవిస్తాను. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. టైటిల్స్ పూర్తిగా అయ్యాక ఒకే ఒక్క సీన్ ఉంటుంది, యెలెనా తన అక్క నటాషా సమాధి దగ్గర నిలబడినది. 'సివిల్ వార్' తర్వాత పెట్టి అది కూడా చూపించేస్తే ఎండ్‌గేమ్ గంగలో కలిసినట్టే. కాబట్టి పేర్లు పడటం మొదలవగానే రిమోట్ మీద చెయ్యి వెయ్యండి. ఆ రెండు నిమిషాల ముక్కని 'హాక్‌ఐ' సిరీస్ ముందు రోజు చూపించండి, ఎందుకంటే యెలెనా క్లింట్ (హాక్‌ఐ) వెంట పడటానికి కారణం అందులోనే ఉంది.

'గార్డియన్స్' రెండూ వెంటవెంటనే చూసినా దోషం లేదు, చివర్లో చెడగొట్టే సీన్లేవీ లేవు. 'బ్లాక్ పాంథర్' మాత్రం కదపొద్దు. 'ర్యాగ్నరాక్' చివర పెద్ద విలన్ థానోస్ ఓడ ఎదురొస్తుంది, 'బ్లాక్ పాంథర్'తో అతని దేశం వకాండా తలుపు తెరుచుకుంటుంది, వెంటనే 'ఇన్ఫినిటీ వార్'లో ఆ రెండూ పేలతాయి. వకాండా గుర్తు పచ్చిగా ఉన్నప్పుడే ఆ యుద్ధం చూడాలి.

కథాకాలం అంత నమ్మకమైనదేం కాదు కూడా. 'హోమ్‌కమింగ్' మొదట్లో 2012 న్యూయార్క్ యుద్ధం శిథిలాలు ఎత్తుతూ కనిపిస్తారు, తర్వాత '8 ఏళ్ల తర్వాత' అని తెర మీద వేశారు. అంటే 2020. కానీ ఆ కథ 2016 'సివిల్ వార్' అయిన కొన్ని నెలలకి జరగాలి. తీసినవాళ్ల లెక్కే తప్పినప్పుడు మనం దాన్ని పట్టుకుని వరుస పేర్చడం ఏటి గురూ.

బీ-షిఫ్ట్ గాజువాక
అందరికీ 22 సినిమాలు చూసే తీరిక ఉంటాదా బాబూ. లెక్క కడితే 'ఐరన్ మ్యాన్' నుంచి 'ఎండ్‌గేమ్' దాకా దగ్గర దగ్గర 48 గంటలు. బేగి తేల్చుకోవాలంటే ఏడు తీసెయ్యొచ్చు: 'ఇన్‌క్రెడిబుల్ హల్క్', 'ఐరన్ మ్యాన్' 2, 3, మొదటి 'యాంట్ మ్యాన్', 'గార్డియన్స్' 2, 'హోమ్‌కమింగ్', 'కెప్టెన్ మార్వెల్'. 14 గంటల పైచిలుకు మిగులుద్ది. 'డార్క్ వరల్డ్' బోరు అని తీసెయ్యకండి, అందరూ చేసే తప్పే అది. ఎండ్‌గేమ్‌లో వెనక్కెళ్లే చోట్లలో 2012 న్యూయార్క్, 2013 ఆస్గార్డ్, 2014 మోరాగ్ ఉన్నాయి. అంటే 'అవెంజర్స్', 'డార్క్ వరల్డ్', 'గార్డియన్స్'. ఈ మూడూ లేకపోతే ఆ గంట సేపు ఏం జరుగుతుందో అర్థం కాదు.

ఎంవీపీ అక్క
తమ్ముడూ, 'హల్క్' తీసెయ్యమనడం 2019 నాటి సలహా. ఇప్పుడు పనికిరాదు. అందులో విలన్ ఎమిల్ బ్లాన్‌స్కీ 'షాంగ్-చీ'లోను, 'షీ-హల్క్'లోను తిరిగొచ్చాడు. శామ్యూల్ స్టెర్న్స్ నుదుటి మీద హల్క్ రక్తం పడి వదిలేశారు చూశావా, ఆ మనిషే 17 ఏళ్ల తర్వాత 2025లో 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో అసలు సూత్రధారి. బెట్టీ రాస్ కూడా అందులో ఉంది. జనరల్ రాస్ వేషానికి విలియం హర్ట్ పోయాక హారిసన్ ఫోర్డ్ వచ్చారు కాబట్టి ముఖం వేరు, మనిషి ఒకడే అని పిల్లలకి ముందే చెప్పాలి. 'హల్క్' చూడనివాడికి ఆ సినిమా మొత్తం ఎవరో పరాయివాళ్ల ఇంటి గొడవలా ఉంటుంది.

నీ జాబితాలో 'యాంట్ మ్యాన్ అండ్ ద వాస్ప్' ఉంచావు, అది మంచిది. కానీ ఎక్కడ పెడుతున్నావన్నదే ముఖ్యం. కథాకాలం జాబితాల్లో అది 'ఇన్ఫినిటీ వార్' కంటే ముందుంటుంది. చివర్లో స్కాట్‌ని (యాంట్ మ్యాన్) క్వాంటం లోకంలోకి పంపి బయట ముగ్గురు లెక్కపెడుతుంటారు, చూస్తుండగానే ముగ్గురూ బూడిదైపోతారు. ఇంకా థానోస్ సగం లోకాన్ని మాయం చేసే చిటికే వెయ్యలేదు, ఇక్కడ మనుషులు మాయమైపోతే పిల్లలు 'ఏమైందత్తా' అని అడగరూ? తర్వాత పెడితే అదే సీన్ గుండె మీద గుద్దినట్టు ఉంటుంది. ఎండ్‌గేమ్‌లో ఎలక స్విచ్చి నొక్కితే వ్యాన్‌లోంచి స్కాట్ ఊడిపడటమూ అప్పుడే అర్థమవుతుంది.

సీతమ్మధార 616
సరే, ఇది రెండో దెబ్బ. ఒప్పుకుంటున్నాను. కథాకాలం వరుస రెండోసారి చూసేవాళ్లకి అని సవరించుకుంటాను. 'ఫస్ట్ అవెంజర్' ముందు పెట్టడం మాత్రం ఇప్పటికీ తప్పనను.

కంచరపాలెం కామిక్
అదీ వద్దండి. 2008లో 'ఐరన్ మ్యాన్' చివర ఒంటికన్ను మనిషి చీకట్లోంచి వచ్చి 'అవెంజర్స్ గురించి మాట్లాడాలి' అంటాడు. ఈ లోకం పెద్దదని మొదటిసారి తెలిసేది అక్కడే. 'ఫస్ట్ అవెంజర్' చివర్లో పట్టపగలు నడిరోడ్డు మీద అదే మనిషి స్టీవ్‌తో మాట్లాడతాడు. ముందు అది చూసినవాడికి చీకట్లో దాగిన మనిషి ఎవరో తెలిసిపోయింది.

డాబాగార్డెన్స్ డేర్‌డెవిల్
సిరీస్‌ల గురించి ఎవరూ చెప్పలేదు.

'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్': 7 సీజన్లు, 136 ఎపిసోడ్లు. సినిమాలు దాన్ని పట్టించుకోవు, డూమ్స్‌డే కోసమైతే వదిలెయ్యండి. సరదాకి చూస్తే మాత్రం ఒక నియమం తప్పొద్దు: మొదటి సీజన్ 16వ ఎపిసోడ్ దగ్గర ఆపి 'వింటర్ సోల్జర్' చూడాలి, తర్వాతే 17. 2014 ఏప్రిల్లో అమెరికాలో 1న 16వది, 4న సినిమా, 8న 17వది వచ్చాయి. 17తో మొదలుపెట్టి, షీల్డ్ లోపల దాక్కున్న శత్రుముఠా హైడ్రా గుట్టంతా బయటపడిపోతుంది. ఆపకుండా చూసుకుంటూ పోయినవాడికి 'వింటర్ సోల్జర్'లో చూడ్డానికి ఫైట్లు తప్ప ఏమీ మిగలవు.

'డేర్‌డెవిల్' వేరే గట్టు. 1, 2 సీజన్లు, 'డిఫెండర్స్' 8 ఎపిసోడ్లు, తర్వాత 3వ సీజన్. మొత్తం 47. 'డిఫెండర్స్' దాటేస్తే 3వ సీజన్ మొదట్లో మ్యాట్ (డేర్‌డెవిల్) ఒళ్లంతా విరిగి ఎందుకు పడున్నాడో తెలియదు, బిల్డింగ్ మీద కూలింది అందులోనే. 'హాక్‌ఐ'లో ఈ సిరీస్ విలన్ కింగ్‌పిన్, 'నో వే హోమ్'లో మ్యాట్ కనిపించినప్పుడు ఈలలు పడాలంటే ఇదంతా కావాలి. అయితే ఇది రక్తం, ఎముకలు విరగడం, పెద్దవాళ్ల వ్యవహారం. 13 ఏళ్లవాడికి వద్దు.

ఎండ్‌గేమ్ తర్వాత వదలకూడనివి ఇవి. 'వాండావిజన్' 9 ఎపిసోడ్లు చూడకుండా 'మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'కి వెళ్తే, మొన్నటిదాకా అవెంజర్‌గా ఉన్న వాండా లేని పిల్లల కోసం ఎందుకు ఊచకోత కోస్తోందో తెలియదు. 'లోకీ' రెండు సీజన్లు, 12 ఎపిసోడ్లు, తప్పనిసరి. 'క్వాంటమేనియా' రెండింటి మధ్యలో పెట్టాలి, దాని చివర్లో చూపించే లోకీ సీను రెండో సీజన్లోదే. 'థండర్‌బోల్ట్స్' ముందు 'బ్లాక్ విడో', 'ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్', 'యాంట్ మ్యాన్ అండ్ ద వాస్ప్' చూసి ఉండాలి: యెలెనా మొదటిదాంట్లో, జాన్ వాకర్, వాలెంటీనా రెండోదాంట్లో, గోస్ట్ మూడోదాంట్లో పరిచయమవుతారు. 'ఫెంటాస్టిక్ ఫోర్'కి మాత్రం ఏ సామానూ అక్కర్లేదు, అది వేరే భూమి.

ఎంవీపీ అక్క
'నో వే హోమ్' మర్చిపోయారు. దాని ముందు పాత స్పైడర్‌మ్యాన్ సినిమాలు కావాలి. గ్రీన్ గాబ్లిన్ 2002లోవాడు, డాక్ ఆక్ 2004, శాండ్‌మ్యాన్ 2007, లిజర్డ్ 2012, ఎలక్ట్రో 2014. అయిదూ కుదరకపోతే 2002, 2004, 2014 మూడే చూపించండి. 2014ది ఎందుకంటే అందులో పీటర్ (స్పైడర్‌మ్యాన్) ప్రేమించిన గ్వెన్ పడిపోవడం చూసినవాడికే, 'నో వే హోమ్'లో ఎంజే పడిపోతుంటే ఆ 2014 సినిమాలోని పీటర్ అందుకున్నాక అతని ముఖం అలా ఎందుకైపోయిందో తెలుస్తుంది. విలన్ల కంటే ఆ ఒక్క క్షణం ముఖ్యం.

బీ-షిఫ్ట్ గాజువాక
రెండు పనికొచ్చే మాటలు. యాప్‌లో పేర్లు పడటం మొదలవగానే బొమ్మ మూలకి కుంచించుకుపోయి తర్వాతి సినిమా మొదలైపోద్ది. ఆ చిన్న బొమ్మ మీద నొక్కితే మళ్లీ పెద్దదవుతాది. సెట్టింగుల్లో ఆటోప్లే తీసేస్తే అసలు గొడవే లేదు. హాల్లో లైట్లు వెయ్యకముందే స్టాండ్‌లో బండి తియ్యడానికి పరిగెత్తే అలవాటు మనది, ఇంట్లోనూ అదే చేస్తాం.

రెండోది, తెలుగు ఆడియో. ప్రతిదానికీ ఉంటాదనుకోవద్దు, శుక్రవారమే తెరిచి భాషల మెనూ చూసుకోండి. 'ఇన్ఫినిటీ వార్' మాత్రం తెలుగులోనే పెట్టండి, థానోస్‌కి గొంతిచ్చింది రానా.

బీచ్‌రోడ్ బండి
అయితే ఇలా: విడుదల వరుస, 'గార్డియన్స్' రెండూ పక్కపక్కన, 'సివిల్ వార్' తర్వాత 'బ్లాక్ విడో' టైటిల్స్ దాకా. 'హల్క్' ఉంటుంది. 'డేర్‌డెవిల్' పెద్దోడికి తర్వాతెప్పుడో. ఒక్కటే భయం, ఎండ్‌గేమ్ 181 నిమిషాలు. 22వది కాబట్టి ఆదివారం రాత్రి పడుతుంది, మర్నాడు స్కూలు.

కంచరపాలెం కామిక్
మీరు 'బ్లాక్ విడో' మధ్యలో పెట్టారు కదండీ. దానితో మొత్తం 23. ఎండ్‌గేమ్ 12వ వారం శనివారానికి జరిగింది.

ఎంవీపీ అక్క
'ఇన్ఫినిటీ వార్' ఆదివారానికి జరిగిందిగా మరి. ఆ రాత్రి చిన్నోడు నిద్రపోడు, చూసుకో.