అప్‌డేట్: మూడు నెలల దగ్గు, చివరికి ఏంటో తేలింది

మూడు నెలలుగా పొడి దగ్గు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాను, ఎక్స్‌రే నార్మల్, ఇది ఆస్తమానా అని అడిగింది నేనే. అవునండీ, ఆస్తమానే. పిల్లికూతలు లేకుండా దగ్గు ఒక్కటే లక్షణంగా కూడా వస్తుందట.

మొదట చూపించుకున్న చోట రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడించారు, ఏమీ తగ్గలేదు. ఈసారి ఊపిరితిత్తుల డాక్టరు గారు ముందు టీబీ లేదని తేల్చుకుని స్పైరోమెట్రీ, అంటే ఊపిరి ఎంత, ఎంత వేగంగా వదలగలమో కొలిచే పరీక్ష చేయించారు. గొట్టంలోకి ఒక్క బిగిన ఊదాలి. మధ్యలో దగ్గు వచ్చేసి నాలుగైదు సార్లు ఊదాల్సి వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత శ్వాసనాళాలు తెరుచుకునేలా చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదించారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 14 శాతం, అంటే 260 మిల్లీలీటర్లు పెరిగింది. 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటితే ఆస్తమాకి గట్టి ఆధారమట. ఒకసారి నార్మల్ వచ్చినా ఆస్తమా లేదని కాదు అని కూడా చెప్పారు.

ఇన్హేలర్ అలవాటైపోతుందని అమ్మ చాలా టెన్షన్ పడింది. అలవాటు పడే మందు కాదు, అందులో స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది. పీల్చాక నోరు పుక్కిలించడం మాత్రం మర్చిపోవద్దు.

మూడు వారాలైంది. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. పోపు ఘాటుకి మాత్రం ఇంకా దగ్గు వస్తోంది. వచ్చే నెల మళ్లీ చూపించుకోవాలి.