అప్‌డేట్: వెదురు విల్లు ఒక పక్కే ఎక్కువ వంగే సమస్య తీరింది

నారి ఎక్కించగానే నా వెదురు విల్లు కింది సగం బాగా వంగుతోంది, పై సగం బిగుసుకుపోతోందని ఇక్కడ అడిగాను కదా, అది తీరింది. బిగుసుగా ఉన్న సగాన్ని గీకమని కొందరు, నారి మార్చమని, నూనె పట్టించమని కొందరు చెప్పారు. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చింతూరు వైపు విల్లులు చేసే ఒక కోయ పెద్దాయనకు చూపించాను. ఆయన నారి జోలికే వెళ్లలేదు. బద్ద రెండు చివర్లూ వేళ్లతో పట్టి చూసి, "పైన ఉన్నది మొదలు వైపు, మందం ఎక్కువ" అన్నారు. వెదురు మొదట్లో మందంగా, కొసకు పోయేకొద్దీ పలచగా ఉంటుంది మరి.

గాజు పెంకుతో పై సగాన్ని లోపలి వైపు, అంటే మనకు ఎదురుగా ఉండే వైపు, పొడి రాలేలా గీకారు. కాసేపు గీకడం, నారి ఎక్కించి కొద్దిగా లాగి చూడటం, మళ్లీ గీకడం. గణుపుల దగ్గర మాత్రం చెయ్యి చాలా తేలిగ్గా ఆడించారు. బయటి పెచ్చును అసలు తాకనివ్వలేదు. లాగినప్పుడు సాగేది ఆ వైపే, అక్కడ పీచు తెగితే విల్లు విరుగుతుంది.

కాబట్టి బిగుసుగా ఉన్న సగాన్ని గీకమన్న సలహానే కరెక్ట్. నారి మార్చినా, నూనె పట్టించినా తేడా రాలేదు. విల్లు బిగువు కొంచెం తగ్గింది కానీ రెండు వైపులా సమానంగా వంగుతోంది, 30 మీటర్లకు బాణం నిలకడగా వెళ్తోంది.