కలరా ఉండలు తీసేసి ఎండు ఆకులు పెడితే సరిపోతుందా?

పెరటిమొక్క:
ఆరు నెలలుగా ఇంట్లో కెమికల్స్ తగ్గిస్తూ వస్తున్నాను. బీరువాలో కలరా ఉండలు తీసేసి లావెండర్, పుదీనా, తులసి ఆకులు ఎండబెట్టి చిన్న చిన్న మూటలు కట్టి పెట్టాను. నిమ్మగడ్డి మరిగించిన నీళ్లతో గచ్చు తుడుస్తున్నాను, దోమలకు కూడా నిమ్మగడ్డే. అన్నీ మందు కొట్టకుండా నేనే కుండీల్లో పెంచినవి, కాబట్టి ఏ భయమూ లేదని నా నమ్మకం. ఇంట్లోవాళ్లేమో వాసన తప్ప ఇంకేం లేదంటున్నారు. వాడేవాళ్లు చెప్పండి, మందుల పని ఇవి చేస్తాయా చేయవా?

ఉన్నిదారం:
చేయవండీ, దెబ్బ తిని చెబుతున్నాను. నేనూ ఇలాగే లావెండర్ మూటలు పెట్టి నిశ్చింతగా ఉన్నాను. చలి మొదలయ్యాక స్వెటర్ తీసి చూస్తే మోచేతి దగ్గరా మెడ పట్టీ కిందా ఆవగింజంత చిల్లులు, మడతల్లో ఇసుక రేణువుల్లాంటి రెట్ట, సాలెగూడు లాంటి సన్నటి దారాలు. ఆ మడతకు ఆనుకునే ఉంది లావెండర్ మూట, ఇంకా ఘుమఘుమలాడుతూనే ఉంది! బట్ట కొరికేది ఎగిరే చిమ్మట కాదు, దాని గుడ్లలోంచి వచ్చే పురుగు. చిమ్మట ఆ వాసనకు కొంత జంకుతుందేమో గానీ లోపల అప్పటికే ఉన్న పురుగు మాత్రం చావదు. ఇప్పుడు నేను బట్టలు ఉతికి, బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో పెడుతున్నాను. అనుమానం ఉన్నదాన్ని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచి తీస్తాను.

నీడపట్టు:
అలాగని మళ్లీ కలరా ఉండల జోలికి మాత్రం పోకండి. వాటిలో ఉండే నాఫ్తలీన్ ఆవిరై మనం పీల్చే గాలిలో కలుస్తుంది, రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పసిపిల్లలకైతే దానివల్ల ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. ఆ లోపం చాలామందిలో బయటకు కనిపించదు కూడా.

పెరటిమొక్క గారూ, ఆకులు ఎండలో పెట్టారా నీడలోనా? పుదీనా ఆకును తిరగేసి భూతద్దంలో చూడండి, అడుగున మెరిసే చుక్కలు కనిపిస్తాయి, నూనె ఉండేది ఆ చుక్కల్లోనే. మండుటెండలో పెడితే ఆకు కరకరలాడుతుంది గానీ నూనె ఎగిరిపోతుంది. పూత రాకముందు, పొద్దున మంచు తడి ఆరాక కోసి, చిన్న కట్టలుగా నీడలో తలకిందులుగా వేలాడదీయాలి. బీరువాలో ముక్కవాసన పోవడానికి అంతకంటే మంచిది నాకు తెలీదు. రెండు మూడు వారాలకోసారి మూటను చేత్తో నలపండి, మళ్లీ వాసన వస్తుంది. గచ్చుకు మాత్రం సబ్బునీళ్లే వాడండి. నిమ్మగడ్డి మరిగేటప్పుడు ఇల్లంతా వాసన వస్తోందంటే నూనె ఆవిరితో పోతోందనేగా, గిన్నెలో మిగిలేది చాలా తక్కువ. ఇంకో మాట, కొందరు వెనిగర్‌లో రోజ్‌మేరీ నానబెట్టి వాడతారు, అది నీళ్ల మరకలకు బాగానే ఉంటుంది, కానీ పాలరాయి మీద పోయకండి, బ్లీచ్‌తో అస్సలు కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

బూడిదపిల్లి:
నాకు బాధ కలిగించేది ఆ “ఏ భయమూ లేదు” అన్న మాట. టీ ట్రీ నూనె సీసా కొన్నాను, మీద ఆర్గానిక్ అనే ఉంది. ఈగలు పోతాయని మా పిల్లి మెడ దగ్గర రెండు చుక్కలు రాశాను. సాయంత్రానికి వెనక కాళ్లు తడబడ్డాయి, నోట్లోంచి చొంగ. డాక్టరు దగ్గరికి పరిగెత్తాం, బతికింది. ఇలాంటి నూనెల్లోని పదార్థాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి మనకున్నంత లేదని అప్పుడు తెలిసింది. ఆర్గానిక్ అంటే మొక్కను ఎలా పెంచారన్న మాటే, లోపలి నూనె ఎంత ఘాటైనదో దానితో సంబంధం లేదు. ఎండు ఆకు వేరు, సీసాలో చిక్కటి నూనె వేరు.

పెరటిమొక్క:
ఉన్ని బట్టల సంగతి ఒప్పుకుంటున్నాను, రేపే అన్నీ తీసి చూస్తాను. ఆకులు ఎండలోనే పెట్టాను, అదీ నా తప్పే. కానీ దోమల విషయంలో మాత్రం ఒప్పుకోను. సాయంత్రం నిమ్మగడ్డి నలిపి కాళ్లకు రుద్దుకుని కూర్చుంటే కుట్టడం లేదు, ఇది నా అనుభవం.

నీడపట్టు:
ఎంతసేపు కూర్చుంటున్నారు? అరగంట అయితే నిజమే అయ్యుండొచ్చు, ఆ తర్వాత నూనె ఆరిపోతుంది. ఇక కుండీలో ఊరికే నిలబడ్డ మొక్క దోమను ఆపలేదు, ఆకు నలిగితేనే కదా వాసన బయటికొచ్చేది. మొక్కల నుంచి వచ్చినవాటిలో బాగా పరీక్షలకు నిలిచింది నిమ్మ యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ అనే, ఒంటికి రాసుకునే దోమల మందు. అది కూడా మూడేళ్ల లోపు పిల్లలకు రాయకూడదంటారు. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూట, సాయంత్రం రుద్దుకున్నది దానికి అడ్డం పడదు. అసలు మీ కుండీల కింద పళ్లేలున్నాయా? వాటిలో నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది.

పెరటిమొక్క:
ఇప్పుడే టార్చి వేసుకుని వెళ్లి చూశాను. తొమ్మిది పళ్లేల్లో మూడింటిలో పురుగులు గిలగిలా కొట్టుకుంటున్నాయి, అందులో రెండు నిమ్మగడ్డి కుండీల కిందే. పారబోసి, అంచులు పీచుతో రుద్ది బోర్లించాను. మిగతావి పొద్దున కడుగుతాను.