చర్చ: అమెరికాలో ఆ 'గూగుల్ చేసుకో' బిల్లు పాసై ఉండాల్సిందా?

బైరాగిపట్టెడ కుర్రోడు:
పోటీ పరీక్షలకు చదువుతుంటే ఇది కంటబడింది. 2014 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్‌లో రిపబ్లికన్ టామ్ కోబర్న్, డెమోక్రాట్ క్లెయిర్ మెకాస్కిల్ కలిసి ఒక బిల్లు పెట్టారు. పేరేమో 'లెట్ మీ గూగుల్ దట్ ఫర్ యూ యాక్ట్'. నిజంగా అదే పేరు! వాణిజ్య శాఖ కింద 1950 నుంచి ఉన్న నేషనల్ టెక్నికల్ ఇన్ఫర్మేషన్ సర్వీస్‌ను ఎత్తేయాలని. సర్కారు డబ్బుతో జరిగిన పరిశోధనల రిపోర్టులు దాచి, అడిగినోళ్లకు అమ్మడం అప్పట్లో ఆ ఆఫీసు పని. వాళ్ల ఆడిట్ సంస్థ జీఏఓ 2012లో లెక్క తీస్తే, 1990 నుంచి 2011 దాకా చేరిన రిపోర్టుల్లో దాదాపు 74 శాతం బయట కూడా దొరుకుతున్నాయట. అలా దొరికేవాటిలో 95 శాతం ఫ్రీ. బిల్లు పాస్ కాలేదు. నన్నడిగితే మూసేయాల్సిందే.

బస్టాండ్ జిరాక్స్:
నా ఓటు కూడా మూసేయడానికే. వాళ్ల దగ్గరున్న 25 లక్షల రిపోర్టుల్లో 1995-2000 మధ్య అమ్ముడుపోయింది 8 శాతమేనంట. మా షాపు పక్కన ఎస్టీడీ బూత్ ఉండేది. సెల్‌ఫోన్లు రాగానే ఆయన అద్దాలు పీకి టీకొట్టు పెట్టుకున్నాడు. సర్కారు ఆఫీసుకు మాత్రం ఆ తెలివి రాదు.

పాత లైబ్రేరియన్:
అమ్ముడుపోలేదు కాబట్టి పనికిరాదంటే ఎట్లా నాయనా? అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుళ్లోనే ఒక అరలో వందల ఏళ్లు ఉన్నాయి. 1922లో బయటపడేదాకా అడిగిన దిక్కులేదు. అన్నేళ్లు ఎవరూ చదవలేదని ఎవరైనా కరిగించి బిందెలు చేయించి ఉంటే?

బైరాగిపట్టెడ కుర్రోడు:
ఇది ఆవు వ్యాసం సార్. ఏ చర్చ అయినా తీసుకెళ్లి కొండకే కట్టేస్తారు మీరు. దాచొద్దని ఎవరన్నారు? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది కదా, అక్కడ పెట్టమనండి. జనం పన్నుతో తయారైనదాన్ని జనానికే అమ్మే కొట్టు ఎందుకు?

చంద్రగిరి టు డాలస్:
తమ్ముడూ, ఒక చిన్న సవరణ. ఆ ఆఫీసు నడిచేది బడ్జెట్ మీద కాదు, అది వసూలు చేసే ఫీజుల మీద. రిపోర్టుల బేరం నష్టమే, ఒప్పుకుంటా. 2011 వరకు పదకొండేళ్లలో పదేళ్లు ఖర్చే ఎక్కువ. కానీ వేరే శాఖలకు చేసిపెట్టే పనులున్నాయి. చనిపోయినవారి జాబితా, సోషల్ సెక్యూరిటీ (అక్కడి పెన్షన్ల శాఖ) వాళ్లది, దాన్ని ఇన్సూరెన్స్ కంపెనీలకు, బ్యాంకులకు అందించేది కూడా ఈ ఆఫీసే. అది గూగుల్‌లో దొరికే సరుకు కాదు.

పాత లైబ్రేరియన్:
ఇంకోటి. బిల్లుకు ఆరు నెలల ముందు, 2013 అక్టోబరులో బడ్జెట్ పాస్ కాక అమెరికా ప్రభుత్వం మూతపడితే సెన్సస్ వెబ్‌సైటే ఆగిపోయింది. అంతదూరం ఎందుకు, మన ఆంధ్రాలో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు కదా? 2024లోగానీ ఆ సైటు మళ్లీ రాలేదు. నెట్‌లో ఈరోజు కనబడింది రేపు ఉంటుందని రాసిచ్చేవాడు లేడు. అమ్మకం ఆపించండి, నేనూ చేయి ఎత్తుతా. అల్మారా జోలికి పోవద్దు.

బైరాగిపట్టెడ కుర్రోడు:
జీవోల మాట నిజమే సార్. ఒక నోటిఫికేషన్ జీవో కోసం నేనూ తిప్పలు పడినా. కానీ దాన్ని ఆపింది కూడా సర్కారే. అదే సర్కారు ఆఫీసు చేతిలో అల్మారా తాళం పెట్టమంటారా?

బస్టాండ్ జిరాక్స్:
ఇద్దరూ ఆగండి సామీ. బయట దొరకని ఆ 26 శాతం, 1990 కంటే పాతవి కూడా, అన్నీ ముందు స్కాన్ చేసి మూడు నాలుగు చోట్ల పెట్టమనండి. ఆ తర్వాత ఆఫీసుకు తాళం వేద్దాం. మనిషి చాలకపోతే నాకు చెప్పండి, పేజీకి రేటు మాట్లాడుకుందాం.