హెలికాప్టర్‌కు ఫ్లేర్లు ఉంటే సరిపోదా?

ప్రశ్న (తిరుపతి, బీఎస్సీ విద్యార్థి): సైనిక హెలికాప్టర్ ఫొటో ఒకటి పెద్దది చేసి చూస్తే, పక్కన తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉన్న పెట్టె కనిపించింది. అది ఫ్లేర్ల (క్షిపణిని ఏమార్చడానికి గాలిలోకి వదిలే మంటల) కోసమేనా? అవి ఉండగా కొన్ని హెలికాప్టర్లకు క్షిపణుల నుంచి కాపాడే లేజర్ మళ్లీ ఎందుకో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (చిత్తూరు, వాయుసేన విశ్రాంత సాంకేతిక ఉద్యోగి): బాబూ, అవి ఫ్లేర్లు పెట్టే గళ్లే. మెగ్నీషియం కలిపిన మందు కొన్ని సెకన్లపాటు మన దీపావళి మతాబు కన్నా ఎంతో తీవ్రంగా మండుతుంది. భుజం మీద నుంచి పేల్చే క్షిపణి ఇంజిన్ వేడిని పట్టుకుని వస్తుంది కనుక, అంతకన్నా వేడిగా కనిపించిన దానివైపు మళ్లుతుంది. 1999 మే 28న కార్గిల్ యుద్ధంలో స్టింగర్ అనే అలాంటి క్షిపణి తగిలి కూలిన మన ఎంఐ-17 హెలికాప్టర్‌లో ఫ్లేర్లు లేవు. నలుగురు సిబ్బందీ అమరులయ్యారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జవాబు (తిరుపతి, భౌతికశాస్త్ర అధ్యాపకురాలు): పెద్దాయన చెప్పింది నిజమే కానీ, తర్వాత వచ్చిన స్టింగర్లు పరారుణ కాంతితోపాటు అతినీలలోహిత కాంతినీ చూసి, మండే ఫ్లేరుకూ ఇంజిన్‌కూ తేడా పట్టగలవు. అందుకే లేజర్. 280 నానోమీటర్లకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల సూర్యకాంతిని ఓజోన్ పొర పైనే పీల్చేస్తుంది కాబట్టి, హెలికాప్టర్‌పై ఆ కాంతిని మాత్రమే చూసే సెన్సార్‌కు పట్టపగలు కూడా చీకటే; ఆ చీకట్లో క్షిపణి మంట దీపంలా కనిపిస్తుంది. వెంటనే లేజర్ క్షిపణి కంటిలోకే సూటిగా కొట్టి దాని దారి తప్పిస్తుంది. అయితే క్షిపణి మోటారు కొన్ని సెకన్లలోనే ఆరిపోతుంది, ఆలోపే పసిగట్టాలి.

ప్రశ్న వేసిన విద్యార్థి: కృతజ్ఞతలు మేడమ్. సముద్రంలో మైన్లు (ఓడలను పేల్చడానికి నీటిలో పెట్టే బాంబులు) వెదికే హెలికాప్టర్‌దీ ఇదే లేజరా?

అధ్యాపకురాలు: కాదు. నీరు ఎరుపు, పరారుణ కాంతులను త్వరగా పీల్చేస్తుంది. నీలి-ఆకుపచ్చ కాంతి కొంత లోతుకు దిగుతుంది. అమెరికా నౌకాదళపు ఎంహెచ్-60ఎస్ హెలికాప్టర్ వాడేది ఆ లేజరే. అది పైపైన తేలే మైన్లను పట్టుకుంటుంది గానీ, అడుగున బురదలో దిగబడ్డవాటికి ధ్వనితో వెదికే సోనార్ కావలసిందే.

విశ్రాంత ఉద్యోగి: మైన్లు వెదికే లేజర్ లేని 1973లోనే వియత్నాంలోని హైఫాంగ్ రేవులో అమెరికా హెలికాప్టర్లు, ఓడలా అయస్కాంత క్షేత్రం పుట్టించే స్లెడ్లను తాడుతో నీటిపై లాగుతూ మైన్లను ఏరివేశాయి. ఓడ అనుకుని మైను పేలినా దెబ్బ స్లెడ్‌కే, పైలట్‌కు కాదు.