మన పాలమూరు, నల్గొండ జిల్లాల సైన్సు బొమ్మలు: ఏవి పెడదాం?

పాలమూరు టీచర్: బడిలో సైన్సు గోడపత్రిక వేస్తున్నాం. ప్రకృతి, వైద్యం రెండూ ఉండాలి, మన ప్రాంతానివే కావాలి. నెబ్యులాలు, సూక్ష్మదర్శిని కింద దోమ తలలు పిల్లలకు మొహం మొత్తాయి. చెదలు పట్టిన మన పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి డ్రిప్పు సీసాలు వేలాడదీసిన 2018 నాటి ఫొటోతో మొదలుపెట్టాలని ఉంది. స్పష్టమైన కాపీ ఎవరి దగ్గరైనా ఉందా? అచ్చు వేయడానికి అనుమతి ఎవరిని అడగాలి?

జడ్చర్ల బాటసారి: ఆ ఫొటో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడేదాకా ఎవరికీ పట్టలేదు. ఊడలు పట్టుకుని ఊగినవాళ్లు, బెరడు మీద పేర్లు చెక్కినవాళ్లు అందరూ కలిసి నింద చెదల మీద వేశారు. చివరికి చెట్టుకు మనిషిలాగే మందు ఎక్కించాల్సి వచ్చింది.

ఎరువుల కొట్టు: పురుగుమందులు అమ్మేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. సీసాల్లో ఉన్నది నీళ్లలో కలిపిన క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు. అది చెట్టంతా పాకి ఆకుల దాకా చేరే రకం కాదు, తగిలిన చోటే పనిచేస్తుంది. ముందు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. చుక్కలుగా దింపితే చెదలు తొలిచిన కొయ్య నానుతుంది. 'మనిషిలాగే' అని పిల్లలకు నేర్పకండి.

జడ్చర్ల బాటసారి: కొట్టులో కూర్చుని వృక్షశాస్త్రం చెప్పడం సులువే. అదే మందు ఎంత కలపాలో రైతులకూ ఇంత ఓపికగా చెబుతారా?

ఎరువుల కొట్టు: డబ్బా మీద రాసి ఉంటుంది, చదివి చెబుతాను. మీరు చదవరు, అదే బాధ.

బోటనీ అక్క: ఇద్దరూ కాస్త ఆగండి. టీచర్ గారూ, వయసు 700 ఏళ్లు అని రాస్తే 'అని చెబుతారు' అనే మాట చేర్చండి. ఊడలు దిగి కాండాలైన చెట్టులో ఏ కాండం వయసు లెక్కపెడతాం?

మర్రిగూడ మనవడు: మర్రిచెట్టుకు ఇన్ని పోస్టులా! మా నల్గొండ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి మా తాతకు మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కెమెరాలతో ఎందరో వచ్చి వంకర కాళ్లు ఫొటోలు తీసుకుని పోయారు. దయచేసి మీ గోడ మీద మా వాళ్ల కాళ్లు పెట్టకండి.

ఎక్స్‌రే గది: తమ్ముడి మాట న్యాయం. పేరు, ముఖం లేని ఎక్స్‌రే పెట్టండి. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు, ముదిరిన వెన్ను సుద్దలా తెల్లగా కనబడుతుంది, ఎముకలోని సన్నని అల్లిక గుర్తుపట్టలేం. నన్నడిగితే ముంజేతి ఫిల్మే మేలు. రెండు ఎముకల నడుమ పొరకు కాల్షియం పట్టి అంచు ముళ్లుగా లేస్తుంది. అది చూశాక నేను రిపోర్టు కోసం ఆగను.

మునుగోడు అమ్మ: మా పాపకు పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. నీళ్లు మరిగించి ఇస్తే తగ్గుతాయా?

ఎక్స్‌రే గది: తగ్గవమ్మా. ఎనామెల్ తయారయ్యే వయసులోనే ఆ చార పడుతుంది. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.

ఎరువుల కొట్టు: పటిక, సున్నం కలిపి తేర్చే 'నల్గొండ పద్ధతి' ఉంది కదా. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు రూపొందించారు.

మర్రిగూడ మనవడు: పేరు మా జిల్లాది, రోజూ కలిపి తేర్చే చాకిరీ మా ఆడవాళ్లది. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాం. అయినా రుచిగా ఉంటాయని బోరు నీళ్లే తాగే పెద్దలు ఇంకా ఉన్నారు.

మునుగోడు అమ్మ: మా అత్తగారూ అంతే.

ఎక్స్‌రే గది: ఫ్లోరైడుకు ఆ మోతాదులో రుచీ వాసనా ఉండవు. ఆ బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ కాగితమే ఆవిడకు చూపించండి.