రాత్రంతా తిరిగే ముసలి కుక్కకు మత్తు మాత్ర వేయొచ్చా?

నిద్రకరువు

మా కుక్కకి పదమూడేళ్లు. లాబ్రడార్ కలిసిన జాతి, ఇరవై ఐదు కిలోలు ఉంటుంది. పగలంతా పడుకునే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక లేచి ఇల్లంతా గోళ్ల చప్పుడు చేసుకుంటూ తిరుగుతుంది. రొప్పుతుంది. తలుపు వెనక సందులోకి దూరి, బయటికి రావడం ఎలాగో తెలియనట్టు అక్కడే నిలబడిపోతుంది. ఎవరూ లేనివైపు చూసి మొరుగుతుంది. పిలిస్తే ఒక్కోసారి నన్ను గుర్తుపట్టినట్టే ఉండదు. తిండికి మాత్రం లోటు లేదు, ఇదివరకటికన్నా ఎక్కువే తింటోంది.

డాక్టర్‌కి చూపిస్తే పైపైన చూసి, వయసు మీద పడిందన్నారు. రాత్రికి ఏస్‌ప్రోమజైన్ అనే మత్తు మాత్ర రాశారు. తెచ్చాను గానీ ఇంకా వేయలేదు. వేద్దామని నేను, వద్దని మా అక్క. "మన నిద్ర కోసం దాన్ని మత్తులో పడేస్తామా?" అంటుంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నాకు ఆఫీసులో కునికిపాట్లు. ముసలి కుక్కల్ని సాకినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ఇవ్వడం తప్పా?

పాతకాపు

మీ అక్కగారు చెప్పిందే సరైన మాట. ముసలివాళ్లకి నిద్ర పట్టదు, మనిషైనా కుక్కైనా అంతే. రాత్రి నాలుగు అడుగులు వేస్తే మీకొచ్చిన నష్టం ఏంటి? మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. మందు అనేది కుక్క బాధ తగ్గడానికి వేయాలి, మన చెవులకి చప్పుడు తగ్గడానికి కాదు. చిన్నప్పటినుంచీ ఇంట్లో కుక్కలున్నాయి నాకు, ఏ ఒక్కదానికీ మత్తు మాత్ర వేసిన పాపాన పోలేదు.

మందులచీటీ

జంతువుల క్లినిక్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాను. కాబట్టి నా మాటని మీ డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నగా తీసుకోండి. నేను మీ ఇద్దరితోనూ ఒప్పుకోను. పాతకాపు గారు "ముసలితనం" అని సరిపెట్టేశారు, ఆ డాక్టర్ గారూ అదే చేశారు. ఒకరు మందు వద్దన్నారు, ఇంకొకరు వేయమన్నారు, అంతే తేడా. అసలు అది ఎందుకు లేస్తోందో ఎవరూ చూడలేదు.

మాకు ఎక్కువగా కనపడేది కీళ్ల నొప్పి. పగలు ఇంట్లో మనుషులు, అలికిడి ఉంటాయి కాబట్టి కొంత మర్చిపోతుంది. రాత్రి ఒకే పక్కన పడుకునేసరికి కీళ్లు బిగుసుకుంటాయి. లేస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ పడుకుంటుంది, చోటు మారుస్తుంది. లేచేటప్పుడు వెనక కాళ్లు తడబడుతున్నాయా, మెట్ల దగ్గర ఆగిపోతోందా, ఒకే కీలుని నాకుతోందా గమనించండి. కుక్కలు నొప్పికి అరుస్తాయని చాలామంది అనుకుంటారు. పాత నొప్పికి దాదాపుగా అరవవు. అనుమానం ఉంటే కొన్నాళ్లు నొప్పి మందు ఇచ్చి రాత్రుళ్లు మారతాయేమో డాక్టర్లే చూస్తారు. మీరు మాత్రం ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి. మనకి మామూలు మాత్రలు, కుక్కకి ప్రమాదం.

రెండోది నీళ్లు. గిన్నెలో కొలిచి పోసి, మర్నాటికి ఎంత మిగిలిందో చూడండి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టే. మీ కుక్కకి రెండున్నర లీటర్లు అనుకోండి. అలా తాగితే కిడ్నీ, షుగర్, కుషింగ్స్ జబ్బు (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువవడం), ఇలా వెతకాల్సినవి చాలా ఉంటాయి. మీరు రాసినదాంట్లో నాకు గుచ్చుకున్నది ఎక్కువ తినడం, రొప్పడం. రెండూ కలిసి వస్తే కుషింగ్స్ గురించి తప్పకుండా అడగండి, పొట్ట జారిందేమో కూడా చూడండి.

మూడోది ఊపిరి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తుందో నిమిషం లెక్కపెట్టండి. మళ్లీ మళ్లీ 30 దాటుతుంటే ఆగకుండా చూపించండి, గుండె కావచ్చు. బీపీ, కంటిచూపు కూడా చూడాలి. తలని గోడకేసి ఒత్తుతున్నా, ఎప్పుడూ ఒకే వైపు గుండ్రంగా తిరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా ఇక ఇక్కడ చర్చ అనవసరం, అదే రోజు తీసుకెళ్లండి.

ఇవన్నీ కాదని తేలాకే మెదడు మందగింపు, అంటే కుక్కల డిమెన్షియా అనాలి. దాన్ని ఒక్క టెస్టుతో ఖాయం చేయలేం.

పాతకాపు

పదమూడేళ్ల కుక్కకి వెతుకుతూ పోతే ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది కదమ్మా. రక్తం, ఎక్స్‌రే, స్కాన్ అని తిప్పి తిప్పి దాని ఉన్న కాస్త కాలం క్లినిక్ బల్ల మీదే గడిపేస్తారా? దొరికినా ఆ వయసులో ఏం చేస్తారు? డిమెన్షియా అనేది కొత్తగా పెట్టిన పేరు. మందుల కంపెనీలకి అవసరమైన పేరు.

బూడిదరంగు_మూతి

పాతకాపు గారి మొదటి మాటలో న్యాయం ఉంది, రెండోది మాత్రం కాదు. కంపెనీలు పుట్టించిన జబ్బు కాదిది. ముసలి కుక్కల మెదడులో బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది, మనుషుల అల్జీమర్స్‌లో పేరుకునేదీ అదే. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్) వాళ్లు 2001లో ప్రచురించిన సర్వేలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి కనీసం ఒక లక్షణం ఉంది. దారి మర్చిపోవడం, మనుషులతో తీరు మారడం, రాత్రీ పగలూ తారుమారవడం, ఇంట్లో మూత్రం పోయడం, వీటిలో ఏదో ఒకటన్నమాట. ఇంత మామూలు విషయం కాబట్టే "ముసలితనం" అనేసి వదిలేస్తున్నాం.

మా ముసలిదానికి ఇదే వచ్చింది. మందుకన్నా ముందు పనికొచ్చినవి చెప్తాను. పొద్దున్నే ఎండ తగిలేలా బయట తిప్పడం. పగలు మరీ ఎక్కువ నిద్రపోనీయకుండా సాయంత్రం వాసన పట్టి వెతికే ఆటలు. పడుకునేముందు మూత్రానికి ఒకసారి. రాత్రంతా చిన్న లైటు, ఎందుకంటే చూపు మందగించిన కుక్కకి చీకట్లో సొంత ఇల్లు కూడా కొత్తగానే ఉంటుంది. జారే గచ్చు మీద నడిచే దారంతా పట్టాలు. సామాను జరపడం మానేశాం. అది ఇరుక్కుపోయే మూలలకి అట్ట అడ్డం పెట్టాం. ఇవి చేసినా పూర్తిగా తగ్గలేదు, కానీ లేవడం బాగా పలచబడింది. తర్వాత డాక్టర్ సెలెజిలిన్ మొదలుపెట్టారు. అమెరికాలో ఈ జబ్బుకి 1998లోనే ఆమోదం వచ్చిన మందు. పొద్దున వేస్తారు, నిద్రమాత్ర కాదది, పనిచేసేదీ లేనిదీ తెలియడానికి వారాలు పడుతుంది. కొన్ని కుక్కలకి అసలు తేడా కనపడదు. మాకు కొంత కనపడింది.

ఏస్‌ప్రోమజైన్ సంగతికొస్తే, నేనైతే వేయను. ఒళ్లు కదలకుండా చేస్తుంది గానీ లోపలి కంగారుని తగ్గించదు. భయపడుతున్నవాడి నోటికి గుడ్డ కట్టినట్టు. పైగా బీపీ తగ్గిస్తుంది, తూలేలా చేస్తుంది. అసలే ముసలి కుక్క.

తెల్లారేదాకా

అందరూ కుక్క గురించే మాట్లాడుతున్నారు. నేను మనిషి గురించి మాట్లాడతా, తిట్టుకోండి.

పాతకాపు గారూ, వేరే గదిలో తలుపేసుకోమన్నారు. దారి తెలియక భయంతో మొరిగే జీవిని ఒంటరిగా వదిలేసి తలుపేసుకోవడం జాలి, పక్కన కూర్చుని మాత్ర వేయడం పాపం, అంతేనా? నెలల తరబడి నిద్రలేనివాడు ఏదో ఒక రాత్రి మూడింటికి ఆ కుక్క మీద అరుస్తాడు. ఎందుకు అరుస్తున్నారో దానికి తెలియదు, ఇంకా బెదురుతుంది. పెంచేవాడి ఓపిక అయిపోతే నష్టపోయేది కుక్కే. చాలా ఇళ్లలో ఇక ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇప్పించేద్దామన్న మాట జబ్బు ముదిరి రాదు, ఇంట్లోవాళ్లు అలసిపోయి వస్తుంది. అందుకే నిద్ర కోసం మందు అనగానే స్వార్థం అనకండి.

ఏ మందు అన్నది వేరే ప్రశ్న. కంగారు తగ్గించే మందులు వేరే ఉన్నాయి. మా డాక్టర్ ట్రాజొడోన్ రాశారు. నొప్పి కూడా కలిసి ఉంటే గాబాపెంటిన్ ఇస్తారని విన్నా.

మందులచీటీ

తెల్లారేదాకా గారి మాటకి నూటికి నూరుపాళ్లు ఓటు. ఒక్కటే చేరుస్తా. ట్రాజొడోన్, ట్రామడాల్ (నొప్పి మందు), ఫ్లూఆక్సెటిన్ (దిగులు, కంగారు మందు) లాంటివాటిని సెలెజిలిన్‌తో కలపకూడదు. ఇద్దరు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు రాయించుకున్నప్పుడే ఈ తప్పు జరుగుతుంది. అన్ని చీటీలూ ఒకరికే చూపించండి. ఇంట్లో ఎవరైనా వేసుకునే మెలటోనిన్ చప్పరింపు బిళ్లలు ఇద్దామని కూడా అనుకోకండి. కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, కుక్కకి అది విషం.

పాతకాపు గారికి: తిప్పి తిప్పి చంపమని నేననలేదండీ. ఒకసారి రక్తం, మూత్రం, బీపీ, కీళ్లు వంచి చూడటం. ఒక పూట పని. స్కాన్ దాకా వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్ల ఇష్టం, ఆ వయసులో వద్దనుకున్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ నొప్పి ఉందో లేదో చూడకుండా వదిలేయడం మాత్రం నేను ఒప్పుకోను.

పాతకాపు

సరే, రక్తం, మూత్రం వరకు ఒప్పుకుంటున్నా. నొప్పి మందు కూడా సరే. పడుకోబెట్టే మాత్రకి మాత్రం నా ఓటు లేదు. తలుపేసుకోమన్నది కుక్కని వదిలేయమని కాదు, ఇంట్లోవాళ్లు వంతులేసుకోమని. ఒకరు దాని దగ్గర, ఒకరు నిద్ర. అక్కాతమ్ముళ్లు ఇద్దరున్నారు కదా.

నిద్రకరువు

అందరికీ థాంక్స్. నీళ్లు కొలిచాను, రెండున్నర లీటర్లు దాటింది. పొట్ట కూడా జారినట్టే ఉంది, కొవ్వు అనుకున్నాం. ఇంకో డాక్టర్‌కి చూపిద్దామనగానే అక్క ఒప్పుకుంది. మాత్ర డబ్బా అలాగే పక్కన పెట్టాం. వంతుల ఐడియా ఈ రాత్రినుంచే. అన్నీ చూశాక కంగారుకే మందు కావాలని తేలితే అప్పుడు మళ్లీ గొడవ తప్పదు, అక్క ఆ విషయంలో పాతకాపు గారి పార్టీ.

ఒక చిన్న డౌటు. గోమార్లకి మెడపట్టీ కట్టాం, దాన్ని కూడా డాక్టర్‌కి చెప్పాలా?

మందులచీటీ

చెప్పాలి. అట్టపెట్టె మీద అమిట్రాజ్ (గోమార్లని చంపే మందు) అని ఉందేమో ముందు చూడండి. ఉంటే దానికీ సెలెజిలిన్‌కీ పడదు. పెట్టె పారేసి ఉంటే పట్టీని ఒక ఫోటో తీసి తీసుకెళ్లండి.